పిల్లికి తొడిగే చొక్కా తరహా హార్నెస్: వాడి చూశాక

ఇంటిపట్టునే పెరిగిన పిల్లిని ఆరుబయట తిప్పడానికి కొన్న ఈ హార్నెస్ (ఒంటికి తొడిగి, తాడు తగిలించే పట్టీల తొడుగు), లాగుడు బరువు మెడ మీద కాక ఛాతీ మీద పడేలా కుట్టినది కాబట్టి, పిల్లి ఒక్కసారిగా దూకినా గొంతు నొక్కుకుపోదు. పట్టీకీ ఒంటికీ మధ్య ఒకటి రెండు వేళ్లు మాత్రమే దూరేలా బిగించాలి. అంతకన్నా వదులైతే, బెదిరిన పిల్లి వెనక్కి నడుస్తూ ముందుకాళ్లు లాగేసుకుని ఇట్టే జారుకుంటుంది. తొలిసారి తొడిగినప్పుడు మా పిల్లి పక్కకు ఒరిగి, కదలనని మొండికేసింది. ఇంట్లోనే కాసేపు తొడిగి, చిరుతిండి పెట్టి అలవాటు చేశాకే గడప దాటించాను. వెల్క్రో ఊడదీసేటప్పుడు వచ్చే చర్రుమనే చప్పుడుకు అది ఇప్పటికీ చెవులు వెనక్కి వాలుస్తుంది. తయారీదారులు క్లిప్పులు పెట్టి ఉండాల్సింది. కుట్టు గట్టిదే అయినా, తాడును దేనికో కట్టేసి పిల్లిని ఒంటరిగా వదలడానికి ఇది పనికిరాదు. పిల్లిని బయట తిప్పాలంటే రేబిస్ టీకా, మైక్రోచిప్ (తప్పిపోతే గుర్తుపట్టడానికి చర్మం కింద పెట్టే చిన్న చిప్) సంగతి వేరుగా చూసుకోవాల్సిందే.