హావ్‌లాక్‌లో డైవ్‌మాస్టర్ ప్యాకేజీ తీసుకుంటున్నారా? జాగ్రత్త

"రెస్క్యూ ఫిట్‌నెస్ ట్రైనింగ్ కూడా మాదే" అన్న మాట నమ్మి, డైవ్‌మాస్టర్ (స్కూబా డైవింగ్‌లో మొదటి ప్రొఫెషనల్ స్థాయి) కోర్సు కోసం అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) ఒక డైవ్ షాపుకి సగం డబ్బు అడ్వాన్స్ కట్టి వెళ్లాను. ట్రైనింగ్ అంటే పొద్దున్నే పడవలోకి సిలిండర్లు ఎక్కించడం, సాయంత్రం దించడం. నిండు సిలిండర్ ఒక్కోటి 15 కిలోల పైమాటే. దాంతో కూలి పని వస్తుంది గానీ ఈత రాదు.

పాడీ (PADI, స్కూబా సర్టిఫికెట్లిచ్చే అంతర్జాతీయ సంస్థ) డైవ్‌మాస్టర్ కోర్సులో అసలు అడిగేది వేరు. ఫిన్స్ (కాళ్లకి తొడిగే రెక్కలు) లేకుండా 400 మీటర్ల ఈత. 15 నిమిషాలు మునగకుండా తేలడం, అందులో చివరి 2 నిమిషాలు చేతులు నీటిపైకి ఎత్తి. మాస్క్, స్నార్కెల్ (ఊపిరి గొట్టం), ఫిన్స్‌తో 800 మీటర్లు. పూర్తి గేర్‌లో ఉన్న డైవర్‌ని 100 మీటర్లు లాక్కెళ్లడం. నీటి అడుగున ఒకే రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) పంచుకుంటూ ఇద్దరూ గేర్ మార్చుకోవడం. ఒక్కోదానికి 5 మార్కులు, మొత్తం మీద కనీసం 15 రావాలి. ఇవి కాక రెస్క్యూ పరీక్ష: స్పృహ లేని మనిషికి ప్రతి 5 సెకన్లకు ఒక శ్వాస ఇస్తూ, ఆ లెక్క తప్పకుండా గేర్ విప్పుతూ, కాళ్లతో తన్నుతూ ఒడ్డుకి తేవాలి. తొడలు మండిపోయేది ఇక్కడే.

మా బ్యాచ్‌కి ఇదంతా నడుముల్లోతు నీళ్లలో, కాళ్లు నేలకి ఆనించి చేయించారు. టైమింగ్ ఏదంటే "రాసేద్దాంలే, అందరూ పాసే" అన్నారు. రేపు నిజంగా ఎవరైనా మునిగితే ఆ సర్టిఫికెట్ కార్డు పనికొస్తుందా? మళ్లీ సరిగా పెట్టమంటే సముద్రం బాగాలేదన్నారు, డబ్బు వెనక్కివ్వమంటే కుదరదన్నారు. డాక్టర్ సంతకం చేసిన మెడికల్ ఫారం కూడా డబ్బు కట్టాకే అడిగారు. డాక్టర్ ఒప్పుకోని ఒక కుర్రాడు అడ్వాన్స్ పోగొట్టుకుని తిరిగి వెళ్లిపోయాడు.

అన్నిటికన్నా ఘోరం, ముందుగా వాట్సాప్‌లో పంపిన ప్రిపరేషన్ ప్లాన్. గబగబా ఊపిరి పీల్చి వదిలి, పూల్‌లో ఒంటరిగా ఊపిరి బిగపట్టి అడుగున ఈదమని ఉంది. దయచేసి ఎవరూ చేయకండి. అలా పీల్చి వదిలితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, ఊపిరి తీసుకోవాలనే తహతహ ఆలస్యమవుతుంది. ఈలోగా ఆక్సిజన్ పడిపోయి, ఏ సూచనా లేకుండా స్పృహ తప్పుతుంది. పక్కన మనిషి లేకపోతే అంతే. అసలు స్కూబాలో మొదటి పాఠమే ఊపిరి బిగపట్టొద్దని!

ప్రిపరేషన్‌కి మీ ఊరి 25 మీటర్ల పూల్ చాలు. ఆగకుండా 16 లెంగ్త్‌లు వేస్తే 400 మీటర్లు. 11 నిమిషాల్లోపు ముగిస్తే 3 మార్కుల లెక్క. లైఫ్‌గార్డ్ ఉన్నప్పుడు స్నేహితుణ్ని లాగుతూ ఫిన్స్‌తో ప్రాక్టీస్ చేయండి.

అడ్వాన్స్ కట్టేముందు మెడికల్ ఫారం తెప్పించుకుని డాక్టర్‌కి చూపించండి. ఇన్‌స్ట్రక్టర్ నంబర్ అడిగి పాడీ సైట్‌లో సరిచూసుకోండి. మెటీరియల్స్, పాడీ మెంబర్‌షిప్ ఫీజు ప్యాకేజీలో ఉన్నాయా, రిఫండ్ ఎప్పుడిస్తారు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. నేనైతే చాట్‌లు, రసీదులు జతచేసి పాడీ క్వాలిటీ మేనేజ్‌మెంట్‌కి ఫిర్యాదు పెట్టాను. ఇలాగే దెబ్బతిన్నవాళ్లుంటే మీరూ పెట్టండి.