చంద్రగిరి రాజమహల్, ఢిల్లీ బిర్లా హౌస్: పిల్లలకు ఏది చూపించాలి?

తిరుపతిలో ఉండేవాళ్ళకు చంద్రగిరి ఒక పూటలో చూసి వచ్చేంత దగ్గర. బిర్లా హౌస్‌కైతే సంపర్క్ క్రాంతి రైలు ఎక్కి రోజుకు పైగా ప్రయాణం చేయాలి. అయినా రెండూ చూపించాల్సినవే.

రాజమహల్లో కట్టడమే గొప్ప. రాయి, ఇటుక, సున్నంతో మూడంతస్తులు లేపారు, కలప ముట్టలేదు. లోపల పురావస్తు శాఖ మ్యూజియంలో శ్రీకృష్ణదేవరాయలు, దేవేరుల విగ్రహాలున్నాయి. కానీ ఆ గదుల్లో మనుషులు ఎలా బతికారో తెలియదు. నాకు అదే వెలితి.

బిర్లా హౌస్ అలా కాదు. పారిశ్రామికవేత్త ఘనశ్యామ్‌దాస్ బిర్లా కుటుంబం ఇల్లది, గాంధీజీ చివరి 144 రోజులు అక్కడే ఉన్నారు. అంత పెద్ద భవంతిలో ఆయన గదిలో ఉన్నవి నేల మీద పరుపు, చిన్న రాతబల్ల, చేతికర్ర లాంటి కొద్ది వస్తువులే! గది దగ్గర మొదలై తోటలోకి సాగే పాదముద్రలు 1948 జనవరి 30 సాయంత్రం ఆయన నడిచిన దారిని చూపిస్తాయి. పిల్లలకు ఎవరూ వివరించక్కర్లేదు. 1971లో ప్రభుత్వం ఆ ఇంటిని తీసుకుంది, 1973లో జనానికి తెరిచింది.

పదేళ్ళు దాటిన పిల్లలుంటే నేను బిర్లా హౌస్‌కే ఓటేస్తాను. చిన్నపిల్లలైతే చంద్రగిరి, పరిగెత్తడానికి బోలెడు చోటుంది. శుక్రవారం మాత్రం వద్దు, మ్యూజియానికి సెలవు. బిర్లా హౌస్‌కు సోమవారం సెలవు.