అనంతపురంలో ఒక ఎయిడెడ్ డిగ్రీ కళాశాల: దివ్యాంగ విద్యార్థులకు ఎంత అనువు?

చూపు బాగా తక్కువగా ఉన్న మా అమ్మాయి చదువుతున్న కళాశాల గురించి, పేరు చెప్పకుండా, రాస్తున్నాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇటువంటి సంస్థలు 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు, గరిష్ఠ వయసులో 5 ఏళ్ల సడలింపు ఇవ్వాలి. ఇక్కడి ప్రవేశాల విభాగానికి ఈ సంగతి అడగకుండానే తెలుసు.

మెచ్చుకోవలసింది గ్రంథాలయాన్ని. అక్కడి కంప్యూటర్లలో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ తెలుగు పాఠాన్ని కూడా చదివి వినిపిస్తుంది. అయితే అధ్యాపకులు నోట్సును అను ఫాంట్లలో (తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు వాడే పాత రకం ఫాంట్లు) టైపు చేసి ఇచ్చినప్పుడు అది అర్థంలేని అక్షరాలను వల్లిస్తుంది, ఫొటో తీసి పంపితే అసలు నోరు విప్పదు. అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే యూనికోడ్‌లో ఇమ్మని ప్రతి సెమిస్టరులోనూ కొత్తగా బతిమాలవలసి రావడం విసుగు పుట్టిస్తోంది.

పరీక్షల్లో లేఖకుణ్ణి, గంటకు 20 నిమిషాల అదనపు సమయాన్ని పేచీ లేకుండా ఇస్తున్నారు. ర్యాంపు ఉంది కానీ నిటారుగా ఉంది. 12 అడుగుల పొడవుకు అడుగు ఎత్తు అన్న కొలతను మేస్త్రీకి ఎవరూ చెప్పినట్టు లేదు. లిఫ్టు లేదు, ప్రయోగశాలలన్నీ పై అంతస్తులోనే ఉన్నాయి. కనుక చక్రాల కుర్చీ వాడే విద్యార్థికి ఇక్కడి సైన్సు కోర్సులను నేను సిఫారసు చేయలేను; చూపు సమస్య ఉన్నవారు బి.ఏ.లో నిస్సంకోచంగా చేరవచ్చు.