పొల్లు కొట్టే వేలికి ఏ స్విచ్ మేలు?

భీమవరంలో మా ఇంట్లో ఇప్పుడు రెండు మెకానికల్ కీబోర్డులున్నాయి. అంటే ప్రతి కీ కిందా విడిగా ఒక స్ప్రింగ్ స్విచ్ ఉండేవి; స్విచ్ రంగును బట్టి దాని తీరు మారుతుంది. ఒకటి ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న టీవీఎస్ గోల్డ్. బ్యాంకు కౌంటర్ల మీద, డీటీపీ షాపుల్లో టకటకా మోగుతుందే, అదే. రెండోది పోయిన వారం వచ్చిన కీక్రాన్ వి3, బ్రౌన్ స్విచ్‌లది. నేను రోజుకు ఐదారు గంటలు తెలుగు కొడతాను. అడుగడుగునా ఒత్తులుండే భాషకు ఏ స్విచ్ నప్పుతుంది? నాకు కావాల్సింది ఈ ఒక్క సంగతే.

నేను వాడేది ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. హల్లులోని అచ్చును తీసేసి, తర్వాతి హల్లును ఒత్తుగా మార్చే పొల్లు (్) మాత్రం డి కీ మీద, ఎడమ మధ్యవేలి కింద. ‘స్త్రీ’ రాయాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆరు దెబ్బల్లో రెండు పొల్లువే. మొదటిది పడకపోతే ‘సత్రీ’ అయి కూర్చుంటుంది. శాస్త్రం, రాష్ట్రం, వస్త్రం, అన్నిటికీ ఇదే బాధ. అందుకే పొల్లు పడిందో లేదో తెర వంక చూడకుండానే తెలియాలి.

ఈ విషయంలో నా పాత గోల్డ్‌కి తిరుగులేదు. అందులో ఉన్నవి చెర్రీ నీలం స్విచ్‌లు. కీ 2.2 మిల్లీమీటర్లు దిగాక అక్షరం పడుతుంది, దాదాపు అప్పుడే టిక్కుమంటుంది. చెవి పట్టేస్తుంది. కానీ రాత్రి పదింటికి అదే టిక్కు పక్క గదిలో పడుకున్న అమ్మకూ వినిపిస్తుంది.

బ్రౌన్‌లో ఆ టిక్కు ఉండదు. కీ దిగేటప్పుడు మధ్యలో చిన్న ఎత్తు వేలికి తగులుతుంది, అంతే. నీలానికి అలవాటుపడ్డ నా వేలికి మొదటి రెండు రోజులూ అది ఆననే లేదు. మూడో రోజు నుంచి తెలుస్తోంది. అయినా వేగం పెంచితే పొల్లు దగ్గర అనుమానం వస్తూనే ఉంది.

ఎరుపు స్విచ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. స్నేహితుడి దగ్గర నాలుగు రోజులు అడిగి తెచ్చుకున్నాను. 45 గ్రాముల బరువుకే దిగిపోతుంది, మధ్యలో ఏ ఎత్తూ ఉండదు. మధ్యవేలు ఊరికే ఆనించినా పొల్లు పడిపోయేది. ఆటలకు మంచిదేమో, తెలుగు రాతకు నాకు వద్దు.

ఇక వి3లో నన్ను కట్టిపడేసింది స్విచ్‌లు ఊడదీసి మార్చుకునే వీలు. టంకం పని లేదు, పట్టకారు లాంటి పుల్లర్‌తో లాగితే వచ్చేస్తుంది. డి కీ కింద బ్రౌన్ తీసి ఒకే ఒక్క నీలం స్విచ్ పెట్టాను. ఐదు నిమిషాల పని! ఇప్పుడు బోర్డంతా పెద్ద చప్పుడు లేకుండా ఉంటుంది, పొల్లు పడినప్పుడు మాత్రమే టిక్కుమంటుంది. ఆ ఒక్క చప్పుడుకు అమ్మ నిద్ర చెడటం లేదు, నా ఒత్తులూ తప్పడం లేదు. అందుకే నా ఓటు దీనికే.

అయితే వి3కి కుడి పక్కన అంకెల ప్యాడ్ లేదు. మా తమ్ముడు రొయ్యల చెరువుల లెక్కలు ట్యాలీలో ఎక్కిస్తాడు. మేత బస్తాలు, కౌంటు (కిలోకెన్ని రొయ్యలో), కిలో రేటు, రోజంతా అంకెలే. వాడికి గోల్డే సరైనది, వాడి టేబుల్ మీద పెట్టేశాను.

నేను ఈ వారం షిఫ్ట్ కింద కూడా నీలం వేసి చూస్తున్నాను. ఖ, ఘ, థ, ధ, అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి కదా.