కవచం జింక్‌ది, తోడ్పాటు తవుడు నూనెది: హనుమకొండలో తయారైన ఒక మినరల్ సన్‌స్క్రీన్‌పై సమీక్ష

హనుమకొండలోని ఒక చిన్న తయారీ కేంద్రం అమ్ముతున్న మినరల్ సన్‌స్క్రీన్‌ను, అంటే ఖనిజ పొడితో ఎండను ఆపే క్రీమును, ఎండాకాలం మొదలైనప్పటి నుంచి వాడుతున్నాను. యాభై గ్రాముల ట్యూబు, వెల నాలుగు వందల ఎనభై రూపాయలు. ఇందులో 20 శాతం జింక్ ఆక్సైడ్, కొద్దిగా ఐరన్ ఆక్సైడ్ రంగులు, తవుడు నూనె, నువ్వుల నూనె, కొంచెం కానుగ నూనె, విటమిన్ ఇ ఉన్నాయని లేబుల్ మీద రాశారు. మూలికల పేరుతో బజారులో దొరికే క్రీములు చాలావరకు ఆకుల బొమ్మలు చూపించి అసలు సంగతి దాటవేస్తాయి. ఈ తయారీదారులు మాత్రం ఎండను ఆపే పని జింక్‌కు, చర్మాన్ని చూసుకునే పని నూనెలకు అప్పగించి, ఆ రెండింటినీ కలగాపులగం చేయలేదు. ఫార్మసీ చదువుకున్నదాన్ని కాబట్టి నాకు నచ్చిన మొదటి విషయం అదే. నచ్చనివీ ఉన్నాయి, వాటినీ వివరంగానే రాస్తాను.

ముందు మన ఎండ గురించి కొంత చెప్పాలి. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి సూర్యుడు మే నెల మధ్యలో ఒకసారి, జులై చివర మరొకసారి మనకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మబ్బు పట్టిన జులైలో ఎండ లేదనుకుని నిర్లక్ష్యం చేస్తాం గాని, అతినీలలోహిత కిరణాలలో చాలా భాగం పలుచటి మబ్బును దాటి వచ్చేస్తుంది. మన చామనఛాయ చర్మం తెల్లవారి చర్మంలా తొందరగా కమిలిపోదు, కాని నల్లబడడం, మంగు మచ్చలు రావడం, వచ్చినవి ఏళ్ల తరబడి వదలకపోవడం మనలోనే ఎక్కువ. డబ్బా మీద కనిపించే ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా చర్మం ఎర్రగా కమలడాన్ని ఎంతవరకు ఆపుతుందో చెప్పేది మాత్రమే. అతినీలలోహిత కిరణాలలో మచ్చలకు ఎక్కువగా కారణమయ్యే యూవీఏ రకం నుంచి రక్షణను పీఏ పక్కన ఉండే ప్లస్ గుర్తులు సూచిస్తాయి. ఈ ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ 30, పీఏ మూడు ప్లస్‌లు అని ఉంది.

జింక్ ఆక్సైడ్ కిరణాలను అద్దంలా తిప్పికొడుతుందని చాలామంది రాస్తుంటారు. నిజానికి అతినీలలోహిత కిరణాలలో అది తిప్పికొట్టేది కొద్ది శాతమే, మిగతావాటిని తానే పీల్చుకుంటుంది. చర్మాన్ని ఎర్రగా కమిలించే యూవీబీ నుంచి యూవీఏలో దాదాపు 370 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు ఒక్క పదార్థంతోనే రక్షణ దొరకడం దీని ప్రత్యేకత. టైటానియం డయాక్సైడ్ యూవీబీ దగ్గర బలమైనదే గాని పొడవాటి యూవీఏ దగ్గర వెనకబడుతుంది. పైగా దానిలో అనటేజ్ అనే స్ఫటిక రూపం వెలుతురు తగిలినప్పుడు చురుకైన ఆక్సిజన్ అణువులను పుట్టిస్తుంది కాబట్టి, వాడేవారు రూటైల్ రూపాన్ని ఎంచుకుని, దాని రేణువుల మీద సిలికా లేదా అల్యూమినా పూత వేయాలి. ఈ తయారీదారులు టైటానియం జోలికే పోకుండా జింక్ ఒక్కదానితో సరిపెట్టడం వివేకమైన నిర్ణయం.

భద్రత విషయంలో జరిగే ప్రచారంలో అతిశయోక్తి ఎక్కువ కాబట్టి అందులో నిజమెంతో చెబుతాను. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2019లో ప్రకటించిన ప్రతిపాదనలో, సన్‌స్క్రీన్లలో వాడే 16 పదార్థాలలో జింక్ ఆక్సైడ్‌ను, టైటానియం డయాక్సైడ్‌ను మాత్రమే 25 శాతం మోతాదు వరకు సురక్షితమైనవిగా, సమర్థమైనవిగా పేర్కొంది. రెండింటిని సురక్షితం కావని పక్కన పెట్టింది, మిగిలిన పన్నెండింటికి మరింత సమాచారం కావాలని అడిగింది. ఆక్సీబెంజోన్, అవోబెంజోన్ వంటి రసాయన ఫిల్టర్లు చర్మం గుండా రక్తంలోకి చేరుతున్నాయని అదే ఏడాది వెలువడిన పరీక్షలు చూపించడం అందుకు ఒక నేపథ్యం. అయితే సమాచారం అడగడం వేరు, హానికరమని తేల్చడం వేరు. రసాయన సన్‌స్క్రీన్ వాడుతున్నవారు భయపడి మానేసి, ఏమీ రాసుకోకుండా ఎండలోకి వెళ్లడమే పెద్ద నష్టం. చర్మం సున్నితంగా ఉండేవారికి, కళ్ల చుట్టూ మంట పుట్టేవారికి, గర్భిణులకు జింక్ మేలైన ఎంపిక అని నేను ధైర్యంగా చెప్పగలను.

జింక్ ఎంత వేశామన్నది ఎంత ముఖ్యమో, దానిని ఎలా కలిపామన్నది అంతకంటే ముఖ్యం. ఇంట్లో సన్‌స్క్రీన్ చేసుకునే వీడియోలలో జింక్ పొడిని కొబ్బరి నూనెలో వేసి చెంచాతో తిప్పేస్తారు. ఆ పొడి జావలో ఉండకట్టిన పిండిలా ముద్దలు ముద్దలుగా మిగిలిపోతుంది. ముద్ద ఉన్న చోట తెల్లటి మచ్చ కనిపిస్తుంది, పక్కనే ఏ రక్షణా లేని ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీ కంటికి కనిపించదు. అడగగానే ఈ కేంద్రం నడిపే ఆవిడ నన్ను లోపలికి తీసుకెళ్లి పని చూపించారు. జింక్ పొడిని ముందుగా నూనెలోనూ, ఆముదం నుంచి తయారయ్యే పాలీహైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లంలోనూ నానబెట్టి, ఆ ముద్దను మూడు రోలర్ల మిల్లులో మళ్లీ మళ్లీ నలుపుతున్నారు. ఆ ఆమ్లం ఒక్కో రేణువును విడదీసి, మళ్లీ అతుక్కోకుండా పట్టి ఉంచుతుంది. మిల్లులోంచి వచ్చిన ముద్దను ఆవిడ గాజు పలక మీద పలుచగా గీసి కిటికీ వెలుతురుకు పట్టుకున్నారు. మొదటి దఫాది ఇసుక రాలినట్టు చుక్కలుగా కనిపించగా, చివరి దఫాది ఎక్కడా తేడా లేకుండా పాలరంగులో పరుచుకుంది. ఆ తరువాతే నీటి భాగాన్ని నూనెలోకి కలుపుతారు. నూనె బయట, నీరు లోపల ఉండే ఈ పద్ధతిలో క్రీము కొంత జిడ్డుగా ఉన్నా చెమటకు తొందరగా కొట్టుకుపోదు.

ఇక సహజ పదార్థాల సంగతి. తవుడు నూనె ఎంపిక నాకు చాలా సంతోషం కలిగించింది. కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల జిల్లాల రైస్ మిల్లుల నుంచి తవుడు కుప్పలుగా వస్తుంది. ఆ నూనెలోని గామా ఓరిజనాల్ అనే పదార్థం కొంత యూవీబీని పీల్చుకోవడమే కాక, ఎండకు చర్మంలో పుట్టే ఆక్సీకరణను తగ్గిస్తుంది. క్షారంతో శుద్ధి చేసిన నూనెలో ఓరిజనాల్ చాలావరకు పోతుంది కాబట్టి, ఆవిరితో శుద్ధి చేసిన నూనె తెప్పిస్తున్నామని వారు చెప్పారు. నూనె రంగు కాస్త ముదురుగా ఉండడం కూడా ఆ మాటకు తగ్గట్టే ఉంది. కానుగ నూనెలోని కరంజిన్, పొంగామోల్ అతినీలలోహిత కిరణాలను కొంత పీల్చుకుంటాయి. కాని దాని చేదు వాసన మోతాదు పెరిగితే భరించడం కష్టం, అందుకే ఇందులో చిటికెడే ఉంది. ట్యూబు మూత తీసిన వెంటనే ఆ వాసన తెలుస్తుంది, రాసుకున్న కొద్ది నిమిషాలకు పోతుంది. ఈ నూనెలన్నీ కలిసినా 20 శాతం జింక్ చేసే పనిలో స్వల్ప భాగం కూడా చేయలేవు. కొబ్బరి నూనెకు, క్యారెట్ గింజల నూనెకు సొంత ఎస్‌పీఎఫ్ ఉందని నమ్మి వాటితోనే ఎండలో తిరిగేవారు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

వేయని వాటి గురించి కూడా మెచ్చుకోవాలి. నిజామాబాద్ పసుపు మనకు ఎంత గర్వకారణమైనా, దానిలోని కర్క్యుమిన్ అనే పదార్థం వెలుతురుకు విరిగిపోతుంది, బట్టలకు అంటుతుంది, అందుకే పసుపు వేయలేదు. బావంచాలు వేయలేదు. వాటిలోని సోరాలెన్ చర్మాన్ని ఎండకు మరింత లొంగేలా చేస్తుంది. బొల్లి చికిత్సలో బావంచాలు రాసి ఎండలో కూర్చోబెట్టే పాత పద్ధతికి కారణం ఆ గుణమే, సన్‌స్క్రీన్‌లో ఉండకూడనిదీ అదే. కలబంద రసాన్ని కొద్దిగా వేసినా దానితో పాటు తగిన నిల్వ పదార్థం వేశారు. నీరు, మొక్కల రసం ఉన్న క్రీములో నిల్వ పదార్థం లేదంటే సూక్ష్మజీవులకు విందు పెట్టినట్టే. ఆ లేబుల్ చూసి రసాయనం ఉందని వెనక్కి ఇచ్చినవారు ఉన్నారట. ఆ పని తప్పు.

ఇదే కేంద్రం నిమ్మ వాసనతో మరో రకం కూడా అమ్ముతోంది. దానిని ఎవరూ కొనకూడదని నా అభిప్రాయం. తొక్కను నలిపి తీసిన నిమ్మనూనెలో ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్లటి చారలు మిగిల్చే పదార్థాలు ఉంటాయి. ఆవిరి పట్టి తీసిన నూనెలో అవి దాదాపు ఉండవు. వారు వాడుతున్నది ఏ రకమో లేబుల్ మీద లేదు. అడిగితే ఆవిడ, "వాసన కావాలని అందరూ అడుగుతున్నారు మేడం, ఏ నూనె అన్నది సరఫరా చేసేవాళ్లనే అడగాలి," అన్నారు. రోజంతా ఎండలో ముఖం మీద ఉండాల్సిన దానిలో ఏ నూనె ఉందో తయారుచేసేవారికే తెలియకపోవడం క్షమించరానిది. మిల్లు దగ్గర అంత శ్రద్ధ చూపిన చోట ఇది జరగడం నన్ను మరింత బాధించింది.

రెండో లోపం ఎస్‌పీఎఫ్ అంకెకు ఆధారం. ఆ అంకె నమ్మదగినది కావాలంటే కనీసం పది మంది మనుషుల వీపు మీద, చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున రాసి పరీక్షించాలి. వీరు చూపించినది ప్లాస్టిక్ పలక మీద యంత్రంతో చేసిన పరీక్ష నివేదిక మాత్రమే. రేణువులు ఉన్న క్రీముల విషయంలో ఆ పరీక్ష ఫలితం పలక గరుకుదనాన్ని బట్టి, రాసే చేతిని బట్టి మారుతుంది. మనుషుల మీద పరీక్షకు ఖర్చు ఎక్కువని తెలుసు, చిన్న కేంద్రానికి భారమేనని ఒప్పుకుంటాను. కాని అంతవరకు 30 అనే అంకెను అంత పెద్ద అక్షరాలతో ముద్రించకుండా ఉండాల్సింది. ఒక్క మాట మాత్రం వారికి అనుకూలంగా చెప్పాలి. అతిమధురం, చామంతి వంటి మంటను తగ్గించే సారాలను దండిగా కలిపితే చర్మం ఎర్రబడదు గాని కిరణాలు లోపలికి పోతూనే ఉంటాయి, పరీక్షలో అంకె మాత్రం పెరుగుతుంది. పెద్ద ధర పలికే కొన్ని మినరల్ క్రీములలో ఉండే బ్యూటైల్ఆక్టైల్ శాలిసిలేట్ కూడా రసాయన ఫిల్టర్లకు దగ్గరి చుట్టమే. ఈ ట్యూబులో అలాంటి అడ్డదారులు లేవు.

రాసుకున్నప్పుడు ఎలా ఉంటుందంటే, మొదటి నిమిషం బూడిద పూసినట్టు తెల్లగా కనిపించి, ఆ తరువాత ఐరన్ ఆక్సైడ్ల వల్ల చర్మం రంగులో కలుస్తుంది. మంగు ఉన్నవారికి ఆ రంగులు అలంకారం కోసం మాత్రమే కాదు. మన చర్మాన్ని నల్లబరిచే కంటికి కనిపించే నీలి వెలుతురును జింక్ సరిగా ఆపలేదు, ఐరన్ ఆక్సైడ్ ఆపుతుంది. అయితే ఉన్నవి రెండే ఛాయలు. ముదురు ఛాయ నాకు సరిపోయింది గాని, నాకంటే నల్లగా ఉండే మా మరదలికి చెవుల దగ్గర, నుదుటి మీద వెంట్రుకల అంచున బూడిద గీత మిగిలింది. పొలం పనులు చేసేవారిని దృష్టిలో పెట్టుకున్నామని చెప్పేవారు ఇంకో రెండు ముదురు ఛాయలు చేయక తప్పదు. తెల్లటి కాలరుకు, చున్నీకి మరక అంటుతుంది, సబ్బుతో ముందుగా రుద్ది ఉతికితే పోతుంది.

ఆ మరదలు పరకాల దగ్గర పల్లెలో ఉంటుంది. పత్తి ఏరేటప్పుడు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకు, చెంపలకు కండువా చుట్టుకుని వెళుతుంది కాబట్టి క్రీము అవసరమయ్యేది ముక్కు, కళ్ల కింద భాగం, చేతుల వెనక వైపు మాత్రమే. ఆ కాస్త చోటుకు ఈ క్రీము బాగా ఉపయోగపడిందని, మధ్యాహ్నం అన్నం తిన్నాక మళ్లీ రాసుకుంటే సాయంత్రం దాకా మంట లేదని చెప్పింది. మిర్చి కల్లం దగ్గర మాత్రం వద్దంది. "జిడ్డు మొఖం మీద కారం అతుక్కుంటుంది వదినా, మంట లేస్తుంది," అని ఆమె అన్న మాట ఏ ప్రయోగశాల నివేదికలోనూ దొరకదు. మిర్చి ఆరబోసే రోజుల్లో జిడ్డు లేని మరో రకం కావాలి. ఆ విషయం కేంద్రం వారికి చెప్పాను, రాసుకున్నారు.

వెల గురించి చెప్పాలంటే, ముఖానికి, మెడకు రెండు వేళ్ల పొడవున క్రీము తీసుకుని, రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. అలా రాసుకుంటే యాభై గ్రాములు ఎన్నో రోజులు రావు. సగం రాసుకుంటే రక్షణ సగం కంటే కూడా తగ్గిపోవచ్చు. కాబట్టి ఆఫీసుకు, కాలేజీకి వెళ్లేవారికి ఈ వెల పరవాలేదు, కూలికి వెళ్లేవారికి ఎక్కువే. రెండు వందల గ్రాముల డబ్బా తెచ్చి వెల తగ్గించడం వారి చేతిలో ఉంది. కొనేటప్పుడు ట్యూబు వెనక తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసుకోండి. ఈ మూడూ దీని మీద ఉన్నాయి. వాసన లేని ముదురు ఛాయ రకాన్ని మంగు ఉన్నవారికి, సున్నిత చర్మం ఉన్నవారికి నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. నిమ్మ రకాన్ని ఎవరికీ చేయను. ఆరు నెలలు నిండని పసిపిల్లలకు ఇది గాని, మరే సన్‌స్క్రీన్ గాని రాయకుండా నీడపట్టున ఉంచాలి.