వైజాగ్ కాలనీలో మా చిన్నదాని మొదటి చేప

ఐదేళ్ల పిల్లతో చేపలు పట్టడానికి ఎక్కడికి పోవాలని ఎవరైనా అడిగితే ఇప్పుడు తడుముకోకుండా మా నల్లగొండ జిల్లాలోని వైజాగ్ కాలనీ అని చెప్తాను. రాత్రికి మాత్రం అక్కడ ఉండొద్దని కూడా చెప్తాను. ఈ రెండు ముక్కలూ తెలియడానికి మాకు రెండు ప్రయాణాలు పట్టింది.

మొదటిది సముద్రానికి. పోయినేడు సూర్యలంక వెళ్లాం. మా ఆయన కొత్త రీలు, కర్ర కొని పెట్టుకున్నారు. ఒడ్డున నిలబడి ఎంత దూరం విసిరినా అల దాన్ని తిప్పి మా కాళ్ల దగ్గరికే తెచ్చింది. పిల్లకు ఆ హోరు వింటేనే భయం. నా కొంగు వదల్లేదు. పడవలో తీసుకెళ్లమంటే అక్కడి జాలర్లు "ఇంత చిన్న పాపతో వద్దమ్మా" అన్నారు. అలా చెప్పినందుకు వాళ్లకు ఈరోజుకీ దండం పెడతాను. రీలును ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగాలని మాకు తెలియలేదు. ఉప్పుకు తుప్పు పట్టింది. ఇంకో సంగతి, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేటకు నిషేధం. పిల్లల ఎండాకాలం సెలవులు దాదాపు అందులోనే పోతాయి.

అందుకే ఈ డిసెంబరులో మన జిల్లాలోనే వెతుక్కున్నాం. నల్లగొండ నుంచి కొండమల్లేపల్లి, దేవరకొండ దాటి నేరేడుగొమ్ము మండలంలోకి దిగితే సాగర్ వెనక జలాల ఒడ్డున ఉంటుంది వైజాగ్ కాలనీ. డ్యాం కట్టే రోజుల్లో విశాఖ వైపు నుంచి వచ్చిన జాలరి కుటుంబాలు ఇక్కడే నిలబడిపోయాయని, ఊరికి ఆ పేరు అట్లా వచ్చిందని అక్కడివాళ్లు చెప్తారు. ఎదురుగా నల్లమల కొండలు, మధ్యలో కదలని నీళ్లు. అల లేదు, హోరు లేదు. బండి దిగగానే మా చిన్నది నీళ్ల వైపు పరుగెత్తింది.

రాత్రి ఒక ప్రైవేటు టెంట్లవాళ్ల దగ్గర దిగాం. ఫోన్‌లో బాత్రూం పక్కనే అన్నారు, తీరా చూస్తే చీకట్లో చాలా దూరం నడవాలి. పది దాటాక జనరేటర్ ఆపేశారు. చలి, చీకటి, పిల్ల ఏడుపు. పక్క టెంట్లో తాగి పాటలు. పొద్దున బోటుకు పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఉందన్నారు కదా అని అడిగితే పెద్దవాళ్లది తెచ్చి తాళ్లు బిగించి చూపించారు. అందులోంచి పిల్ల జారిపోతుంది. మేం బోటు ఎక్కలేదు. కట్టిన డబ్బు మాత్రం తిరిగి ఇచ్చేది లేదన్నారు, సరే అన్నాం.

ఆ పొద్దున బోటు లేకపోవడమే మాకు మేలైంది. ఒడ్డున వల ఆరేస్తున్న ఒక పెద్దాయన మా పిల్లను చూసి సన్న వెదురు కర్రకు దారం, చిన్న గాలం, నెమలి ఈక కాడ ముక్క బెండుగా కట్టి ఇచ్చాడు. ఎర్రలు తవ్వుకొచ్చి గుచ్చడం కూడా చూపించాడు. "బెండు వణికితే లాగొద్దు పాపా, మునిగితేనే లాగాలి" అన్నాడు. పిల్ల ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఇంట్లో రెండు నిమిషాలు ఒకచోట కూర్చోని పిల్ల! బెండు మూడుసార్లు వణికి టక్కున మునిగింది. అరచేతంత జిలేబీ చేప పడింది.

పెద్దాయన దాని నోరు తెరిచి చూపించాడు. జిలేబీలో తల్లి తన పిల్లల్ని నోట్లోనే దాచుకుంటుందని చెప్పాడు. మా చిన్నది వంగి చాలాసేపు చూసింది. "ఖాళీగా ఉంది తాతా" అని నిర్ధారించుకున్నాకే గిన్నెలో వేయనిచ్చింది. తర్వాత పడింది జెల్ల. పిల్ల చెయ్యి చాపగానే ఆయన గట్టిగా పక్కకు తోశాడు. జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కోటి ముళ్లుంటాయి, గుచ్చుకుంటే చెయ్యంతా సలుపుతుంది. చెప్పుతో తొక్కిపట్టి ఆ మూడు ముళ్లూ విరిచాకే గాలం తీశాడు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోవాలి. రెండోది బురద. నీటి మట్టం తగ్గినచోట పైకి ఎండినట్టే కనిపిస్తుంది, అడుగు వేస్తే మోకాలి దాకా దిగుతుంది. మేం రాళ్లున్న ఒడ్డు వదిలి కదల్లేదు.

భోజనం గురించి ఎంత చెప్పినా తక్కువే. చేప మనమే ఎంచుకుంటే అక్కడి ఇళ్లల్లో వండి పెడతారు. పెద్దలకు బొచ్చె పులుసు, పిల్లకు కొరమీను వేపుడు చేయించుకున్నాం. కొరమీనుకు నడిమి ముల్లు తప్ప సన్న ముళ్లు పెద్దగా ఉండవు, కాబట్టి టెన్షన్ లేకుండా తినిపించొచ్చు. కారం మాత్రం ముందే తగ్గించమనాలి.

రెండో రాత్రి సాగర్ హిల్ కాలనీలో తెలంగాణ టూరిజం వాళ్ల విజయ్ విహార్‌లో ఉన్నాం. వేడినీళ్లు, శుభ్రమైన పక్క, కిటికీలోంచి జలాశయం. ముందు రాత్రి నిద్ర కూడా అక్కడే తీర్చుకున్నాం. గాలం వేయడానికి సాగర్ పనికిరాదు, అది చూడ్డానికే. మరుసటి రోజు అక్కడి బౌద్ధ పార్కు బుద్ధవనం తిరిగాం. పచ్చిక, నీడ ఉన్నాయి, పిల్ల హాయిగా ఆడుకుంది. శ్రీశైలం రోడ్డు మీది డిండి జలాశయం కూడా ఇంతకుముందు చూశాం. హరిత రిసార్టు నీళ్ల ఒడ్డునే ఉంటుంది, మామయ్య, అత్తయ్యల్లాంటి పెద్దవాళ్లకు అదే సుఖం. మేం పోయిన ఎండాకాలంలో మాత్రం నీళ్లు బాగా లోపలికి పోయాయి.

మళ్లీ వెళ్తే పొద్దు పొడవకముందే దేవరకొండ దాటేలా బయలుదేరి, మధ్యాహ్నం పులుసు తిని, చీకటి పడేలోగా సాగర్ చేరతాం. ఆ వెదురు కర్ర ఇంట్లో తలుపు వెనక ఉంది. పిల్ల సైజు లైఫ్ జాకెట్ కూడా ఒకటి కొని పెట్టాం.