ఎన్‌రిచ్: తడబడే పిల్లలకీ దూసుకెళ్లే పిల్లలకీ ఒకే లెక్క

లెక్కల్లో వెనకబడిన పిల్లలకి ఒక వర్క్‌షీట్, చురుకైన వాళ్లకి ఇంకో వర్క్‌షీట్. హైస్కూల్లో లెక్కలు చెప్పే మాకు బాగా అలవాటైన పద్ధతి ఇది. తేలికైన కాగితం చేతికి రాగానే తనని ఏ గుంపులో వేశారో పిల్లకి అర్థమైపోతుంది, ఇక ఆ రోజు పెన్సిల్ కదలదు. క్లాసుని ఇలా రెండుగా చీల్చకుండా నడపడానికి నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది ఎన్‌రిచ్ అనే వెబ్‌సైట్. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నడిపే ఈ ప్రాజెక్టు 1996లో మొదలైంది. బడిలో చేరిన చిన్నపిల్లల నుంచి 18 ఏళ్ల వాళ్ల వరకు అందరికీ ఇందులో లెక్కలున్నాయి, అన్నీ ఉచితం.

దీని గొప్పతనం ఏమిటో ఒక్క లెక్కతో చెబుతాను. వరుస సంఖ్యల్ని కలపడం గురించిన లెక్క అది. 7 అంటే 3+4. 9 అంటే 4+5, లేదా 2+3+4. 15 అయితే మూడు రకాలుగా వస్తుంది: 7+8, 4+5+6, 1+2+3+4+5. మరి ఏ సంఖ్యలు ఇలా వస్తాయి, ఏవి రావు? అడిగేది ఇంతే. సూత్రం గుర్తుండక్కర్లేదు, కూడిక వస్తే చాలు.

ఎక్కాల దగ్గరే తడబడే ఒక అమ్మాయి మా క్లాసులో 1+2, 2+3, 3+4 అని రాసుకుంటూ పోయి, ఒకటి తప్ప బేసి సంఖ్యలన్నీ వచ్చేస్తున్నాయని తనంతట తనే చెప్పింది. పక్కనున్నవాళ్లు మూడేసి కలిపితే 6, 9, 12 వచ్చాయి. నాలుగేసి కలిపితే 10, 14, 18. బోర్డు మీద ఒక్కో సంఖ్యా కొట్టేస్తుంటే చివరికి 1, 2, 4, 8, 16 మిగిలిపోయాయి. అప్పుడు క్లాసంతా అడిగిన ప్రశ్న ఒకటే: 16 ఎందుకు రాదు?

ముందున్న పిల్లలకి అసలు పని అక్కడ మొదలవుతుంది. a తో మొదలయ్యే k వరుస సంఖ్యల మొత్తానికి రెట్టింపు k(2a+k−1). ఈ రెండు కారణాంకాల్లో ఒకటి సరి అయితే రెండోది తప్పకుండా బేసి, పైగా ఆ బేసి కారణాంకం ఒకటి కంటే పెద్దది. 2 యొక్క ఘాతాలకి, అంటే 2ని 2తోనే గుణిస్తూ పోతే వచ్చే 4, 8, 16 లాంటి సంఖ్యలకి, అలాంటి బేసి కారణాంకమే ఉండదు కాబట్టి అవి రావు. ఇంకా ముందుకెళ్తే, ఒక సంఖ్యని ఎన్ని రకాలుగా రాయొచ్చో దాని బేసి కారణాంకాల సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే తెలుస్తుంది. 15కి 1, 3, 5, 15 నాలుగు, కాబట్టి మూడు రకాలు. ఇది పోటీ పరీక్షల స్థాయి గణితం. కానీ ఇక్కడికి రావడానికి వాడిన పట్టిక ఆ ఎక్కాలు రాని అమ్మాయి మొదలుపెట్టిందే. నాకు ఇది చాలా పెద్ద విషయం.

లెక్కతో పాటు టీచర్ల కోసం నోట్స్ ఉంటాయి. ఈ లెక్క ఎందుకు చేయించాలి, ఎలా మొదలుపెట్టాలి, ఏ ప్రశ్నలు అడగాలి, ఆగిపోయినవాళ్లకి ఏ సాయం ఇవ్వాలి, త్వరగా ముగించినవాళ్లని ఎటు నడిపించాలి, అన్నీ విడివిడిగా రాసి ఉంటాయి. నేను ముందు చదివేది సాయం గురించిన భాగమే. జవాబు చెప్పేయకుండా ఒక్క మెట్టు ఎక్కించడం ఎలాగో అక్కడ నేర్చుకున్నాను. వేరే పిల్లలు పంపిన పరిష్కారాలు కూడా పెడతారు. ఒకే లెక్కని ఒకరు బొమ్మతో, ఇంకొకరు బీజగణితంతో చేయడం చూస్తే, తన దారి తప్పేమో అని టెన్షన్ పడే పిల్లకి ధైర్యం వస్తుంది.

అంకెలంటేనే భయపడే పిల్లలకి నేను ముందుగా ఇచ్చేది కప్పల ఆట. ఒక వైపు ఎర్ర బిళ్లలు, ఇంకో వైపు నీలం బిళ్లలు, మధ్యలో ఒక ఖాళీ. పక్కకి జరపొచ్చు, లేదా ఒక బిళ్ల మీంచి దూకించొచ్చు. రెండు వైపులూ తారుమారు కావాలి. వైపుకి ఒకటుంటే 3 ఎత్తులు, రెండుంటే 8, మూడుంటే 15. చేత్తో జరుపుతూ ఉంటే క్రమం దొరుకుతుంది, ఒకటి కలిపి చూస్తే 4, 9, 16 అని వర్గాలు కనిపిస్తాయి. వంచిన చతురస్రాల లెక్క కూడా నాకిష్టం: చుక్కల కాగితం మీద ఏటవాలు చతురస్రాల వైశాల్యం కొలుస్తూ పోతే పైథాగరస్ సిద్ధాంతం పిల్లల చేతికే చిక్కుతుంది.

ఇది అన్నిటికీ మందు కాదు. భిన్నాల కూడికలో పట్టు రావాలంటే వరసగా చాలా లెక్కలు చేయాలి, అందుకు మామూలు అభ్యాసాల పుస్తకమే నయం. డిస్కాల్క్యులియా (అంకెల్నీ లెక్కల్నీ అర్థం చేసుకోవడమే కష్టమయ్యే అభ్యాస సమస్య) ఉన్న పిల్లలకి శిక్షణ పొందిన టీచరు పక్కన కూర్చోవాల్సిందే, ఏ వెబ్‌సైటూ ఆ పని చేయలేదు. లెక్కలు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి చదవడం కష్టమైన పిల్లలకి మనమే నోటితో చెప్పాలి. నేనైతే ఎప్పుడూ బోర్డు మీద ఒక్క ఉదాహరణ రాసి మొదలుపెడతాను.

పదహారు దాటిన వాళ్లకి అదే విశ్వవిద్యాలయం తయారుచేసిన అండర్‌గ్రౌండ్ మేథమేటిక్స్ కూడా చూపించండి. బీజగణితం, త్రికోణమితి, కలనగణితం ఒకదానితో ఒకటి ఎక్కడ కలుస్తాయో రైలు మార్గాల పటంలా గీసి పెట్టారు.

కొత్తగా మొదలుపెట్టే టీచర్లకి, తల్లిదండ్రులకి నేను చెప్పేది: సైట్‌లో వెతుకుతూ గంటలు గడపొద్దు, వరుస సంఖ్యల లెక్క తీసుకోండి. ముందు మీరు కాగితం మీద చేయండి, 1 నుంచి 30 వరకు. ఆ తర్వాత పిల్లలకి ఇవ్వండి, కనీసం రెండు పీరియడ్లు కేటాయించండి. పరిష్కారాల పేజీ మాత్రం అప్పటిదాకా తెరవనివ్వకండి.